పదమూడో తట్ట

నలుపు మస్తు తాగిన పుస్తకం అది.
పెండ్లి పత్రికలు, దశదినకర్మ కార్డులు కొట్టే మిషన్ నాది,
పాలమూరు క్లాక్ టవర్ ఎనక సందుల.
అంజిలప్ప తెచ్చిన ముప్పై రెండు పేజీల బొమ్మలకు
నెలకు సరిపోయే ఇంకు ఒక్క రాత్రిల ఒడిసింది.
"గింత సీకటెందుకురా" అన్న.
"సొరంగం గద అన్నా" అన్నడు.

మక్తల్ పిలగాడు. బండ్లకు నంబర్ ప్లేట్లు రాస్తడు.
ఫ్లెక్సీలొచ్చినంక, బోర్డులు రాసే చెయ్యి
ఖాళీగ ఉండలేక దయ్యాన్ని గీసింది.

కథ ఇంతే:
కాల్వ పనికి పన్నెండు మంది పోతరు.
పొద్దుమూకి మేస్త్రి లెక్కవెడితే
మట్టి లేపిన తట్టలు పదమూడు.
పదమూడోదానికి మొఖం లేదు,
తట్ట కింద వట్టి నలుపు.
కూలి మాత్రం ఉన్నది.
అది మేస్త్రి జేబులకు పోతది.

మున్నూరు కాపీలేస్తే నలభై ఒకటి అమ్ముడుపోయినయి.
ఇంకు ఆరకముందే కట్టలు పేర్చిన పాపానికి
మొదటి పేజీ దయ్యం
కోయిలకొండోళ్ళ శుభలేఖ ఎనక దిగింది,
అద్దంల లెక్క తిరగబడి, పల్చగ.
పిల్ల తండ్రి వచ్చి కొట్టినంత పని జేసిండు.
ఆ పుస్తకానికి భయపడ్డది ఆయనొక్కడే.

హైదరాబాదుల ఒకాయన పేపర్ల రాసిండు:
ఈ గ్రాఫిక్ నవలలో గీత బాగుంది,
దయ్యానికి కోరలు లేవు, భయం చాలలేదు,
నేపథ్యం మరీ స్థానికం.
"బాగుంది" వరకే కత్తిరించి
అంజిలప్ప పర్సుల పెట్టుకున్నడు.
బడిపిల్లలు చూసి నవ్విండ్రు.
బస్టాండ్ల పల్లికాయ అమ్మే ఈదమ్మకు చదువు రాదు,
బొటనేలు తడి చేసుకుంట అన్ని పేజీలు తిప్పింది.
"సుట్టబట్ట ఏదిరా?
దయ్యమైతె మాత్రం నెత్తి నొయ్యదా?"

రెండో భాగంల దయ్యానికి సుట్టబట్ట వచ్చింది,
పాత చీరె కొంగుది, అంచు కనవడేటట్టు.

మూడో భాగం పూణె బస్సెక్కింది.
పైన మూటలు, స్టవ్వులు, గంపల ఒక కోడిపెట్ట.
డ్రైవర్ సీటెనక ఇరవై కాపీలు ఊకెనే పెట్టిచ్చిండు.
ఆర్నెల్లకు ఒకటి తిరిగొచ్చింది.
అట్ట లేదు. సిమెంటు మరకలు, కూర మరకలు.
సొరంగం పేజీ తెరిస్తే,
నలుపు మీద రాత ఆనదు గనక,
పక్కన తెల్లంచుల బాల్ పెన్నుతో పేర్లు.
ఒక్కొక్కటి ఒక్కొక్క చేతిరాత.

కుర్మయ, మట్టి పెల్ల కూలి.
బాలకిష్టి, లిఫ్టు తెగి.
సాయిలమ, కడుపుతోటి.
పేరు తెల్వదు, ఒరిస్సాయన, మాతోటే తిన్నడు.

కిందికి పోయినకొద్ది జాగ చాలక
అక్షరాలు సన్నవడ్డయి.
ఆఖరు పేరు పిన్ను కాడ సగం చినిగింది.

అంజిలప్ప మిషన్ పక్కన కిందనే కూసున్నడు.
చాయ్ తెప్పిస్తే తాగలే. పైన తొరక కట్టింది.
"నేను ఒక్కన్నే గీసిన గదన్నా" అన్నడు శానసేపటికి.

నాలుగో భాగంల దయ్యం లేదు.
ఆ పేర్లు కంపోజ్ చెయ్యమన్నడు, పేజీకొకటి.
ఇరవై ఆరేండ్ల అలవాటు నాది:
కుర్మయకు యవొత్తు పెట్టిన,
బాలకిష్టిని బాలకిష్టయ్య చేసిన,
సాయిలమకు మవొత్తిచ్చిన.
ఎవరి పెండ్లి పత్రికలనన్న తప్పు పోతే
ఊరంత నన్నే తిడుతది మరి.
ప్రూఫు చూసి అంజిలప్ప అన్నడు:
"తీసెయ్ అన్నా.
తోటోళ్ళు అట్లనే పిలిచిండ్రు."

తీసేసిన.
తప్పును తప్పుగనే అచ్చేసుడు నా బతుకుల మొదటిసారి.
ఇంకు అంతగనం పట్టలే.
పాత బాకి ఎనిమిది వందలు అడగాలనుకొని అడగలే.

ఈసారి ఆరేదాక ఆగిన.
పత్రికల కట్టలు వేరే అర్రల పెట్టిన.
షట్టర్ దించే ముందు ఫారాలు లెక్కవెడితే
ఒకటి ఎక్కువొచ్చింది.

మళ్ళ లెక్కవెట్టలే.